చెరువు కట్ట మీద మూడు రింగులు

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు కంపెనీ మూడు రోజుల శిక్షణ ఇస్తుంది. మెడలో కార్డు వేస్తారు, బ్యాగులో నాలుగు అడాప్టర్లు పడేస్తారు, ఇక పొమ్మంటారు. ఆ మూడు రోజుల్లో చెప్పేదాంట్లో తప్పేమీ ఉండదు. కాకపోతే ఫోన్ ఎత్తే మనిషి గురించి అందులో ఒక్క ముక్క కూడా ఉండదు. ఆ ముక్క నేర్చుకునేలోపు నేను ఒకావిడకు రెండుసార్లు నష్టం చేశాను. మొదటిసారి తెలియక చేశాను. రెండోసారి మంచివాడిననిపించుకోవాలని చేశాను. ఇప్పటికీ రెండోదానికే ఎక్కువ సిగ్గుపడతాను.

ప్రమోషన్లు, బదిలీలు, ఎవరి ఫైలు ఎవరు తొక్కిపెట్టారు లాంటివి ఇక్కడ రాయడం లేదు. అవి నాకే సరిగ్గా గుర్తులేవు, మీకెందుకు?

మాది రేపల్లె వైపు. సర్కారీ టెలిఫోన్లలో ఇరవై ఏళ్లకు పైగా స్తంభాలెక్కి, రోడ్డు పక్క పెట్టెల్లో తల దూర్చి, కుక్కల చేత తరిమించుకుని, చివరికి స్వచ్ఛందంగా రిటైరయ్యాను. తుర్కయాంజాల్‌లో ఇల్లు కట్టుకున్నాం. ఖాళీగా కూర్చుంటే మా ఆవిడ రోజుకు మూడుసార్లు కూరగాయలకు పంపుతోంది. ఆ బాధ పడలేక ఒక ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీలో చేరాను. తుర్కయాంజాల్ నుంచి ఇబ్రహీంపట్నం దాకా సాగర్ రోడ్డు పొడుగునా నాదే ఏరియా.

డబ్బా సారు

అప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల భూమి పిచ్చి పట్టి ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎటు పోతుందో తెలియకపోయినా దాని పక్కనే ప్లాట్లు అమ్మేవాళ్లు. ఎక్కడ చూసినా వెంచర్లు, రంగు జెండాలు, జేసీబీలు. జేసీబీ వాడికి భూమిలో టెలిఫోన్ కేబుల్ ఉందని తెలియదు, తెలిసినా పట్టదు. వారానికోసారి ఎక్కడో ఒకచోట తెగేది, ఊరు సగం మూగబోయేది. మా కంపెనీ తీగలు కరెంటు స్తంభాల మీదుగా పోయేవి కాబట్టి ఆ గొడవ లేదు. ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చి, దాంతోపాటు అరచేతిలో పట్టేంత అడాప్టర్ ఇచ్చేవాళ్లం. పాత ఫోన్ తీగ దాని వెనక గుచ్చితే చాలు, మాట ఇంటర్నెట్ మీద పోతుంది. దానికి అసలు పేరు ఎవరూ పలకలేదు. డబ్బా అన్నారు. నేను డబ్బా సారునయ్యాను.

ఈ డబ్బాలో మనం చేసే అసలు పని డయల్ ప్లాన్ రాయడం. చూస్తే చిన్న పనే. సెల్‌ఫోన్‌కైతే నంబరు కొట్టాక పచ్చ బటన్ ఉంటుంది. పాత ఫోన్‌కు లేదు. మరి నంబరు అయిపోయిందని డబ్బాకు ఎవరు చెప్పాలి? మనమే ముందుగా రాసి పెట్టాలి. సిటీ నంబరైతే ఎనిమిది అంకెలు, ఇబ్రహీంపట్నం నంబరైతే ఆరు, సెల్‌ఫోన్‌కు పది, పోలీసుకు మూడు. ఈ లెక్కల్లో దేనికీ సరిపోకపోతే కొన్ని సెకన్లు చూసి, వచ్చిన అంకెలే పంపించెయ్యాలి. ఇదంతా ఒకే ఒక్క వరుసలో, అంకెలు, చుక్కలు, బ్రాకెట్లతో రాస్తాం. ఒక చుక్క ఎక్కువైతే పోలీసుకు చేసిన ఫోన్ ఎక్కడికీ పోదు. నేను ఒక వరుస రాశాక మూడుసార్లు చదివేవాణ్ణి. అది నా గర్వం. గర్వం ఎక్కడుంటే అక్కడే దెబ్బ తగులుతుందని అప్పటికి తెలియదు.

రెండు సెకన్ల పెద్దమనిషి

మా మేనేజరు మాధవ్. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, మంచివాడే. ఏసీ గదిలో కూర్చుని మనుషుల గురించి ఆలోచించేవాడు. అంకెకూ అంకెకూ మధ్య డబ్బా రెండు సెకన్ల కంటే ఎక్కువ ఆగకూడదని అతని హుకుం. కస్టమర్‌కు ఓపిక ఉండదట.

మీర్‌పేట్‌లో నా మిత్రుడొకడు సెలవు పెడితే అతని బదులు ఒక ఇంటికి వెళ్లాను. భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అందులో పెద్దావిడ వదినగారికి ఫోన్ చేయాలి. నంబరు క్యాలెండరు మీద ఉంది. ఆవిడ నాలుగంకెలు నొక్కి, రిసీవర్ బల్ల మీద పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, క్యాలెండరు దాకా వెళ్లి, మిగతా నాలుగు అంకెలు గొణుక్కుంటూ తిరిగి వచ్చేది. ఈలోపు డబ్బా ఆ నాలుగే పంపించేసేది. నంబరు సరికాదని రికార్డు గొంతు చెప్పేది.

"ఏవండీ, ఈ అమ్మాయి నన్ను కసురుకుంటుందేవిటండీ? నేనింకా నొక్కుతూనే ఉన్నాను కదా!" అందావిడ.

"ఆ అమ్మాయికి తొందరెక్కువండి, నేను చెప్తాను" అని పన్నెండు సెకన్లు పెట్టి వచ్చాను.

మాధవ్ ఫోన్ చేసి "పన్నెండు ఏమిటండీ, రూల్ రెండు కదా" అన్నాడు. "ఆవిడ నడక వేగం మీద మన రూల్ పనిచేయడం లేదండి" అన్నాను. నవ్వి వదిలేశాడు. ఆ రోజు నుంచి నేను మనుషుల్ని చూసి ప్లాన్ రాసేవాణ్ణని నాకు నేనే బిరుదు ఇచ్చుకున్నాను. ఇక నేర్చుకోవాల్సిందేమీ లేదనుకున్నాను.

నా తెలివి

ఇంకో గొడవ ఉండేది. నంబరు నొక్కాక మాట మా కంపెనీ మెషిన్ల దాకా పోయి, అక్కడి నుంచి సెల్ కంపెనీకి పోయి, అవతల ఫోన్ మోగేసరికి అయిదారు సెకన్లు పట్టేది. అంతసేపూ చెవిలో నిశ్శబ్దం. జనం లైను చచ్చిందనుకుని పెట్టేసేవాళ్లు, మళ్లీ చేసేవాళ్లు, మళ్లీ పెట్టేసేవాళ్లు, ఆఖరికి నన్ను తిట్టేవాళ్లు.

డయల్ ప్లాన్ రాసే పేజీలోనే కింద ఒక సెట్టింగ్ ఉంది. నంబరు ప్లాన్‌కు సరిపోయిన మరుక్షణమే, అవతల మోగినా మోగకపోయినా, డబ్బా తనంతట తానే రింగు శబ్దం వినిపిస్తుంది. మా తుర్కయాంజాల్ కాలనీలో పెట్టి చూశాను. తిట్లు ఆగిపోయాయి. మాధవ్ మురిసిపోయి, ఇక నుంచి అన్ని డబ్బాలకూ ఇదే అన్నాడు. మీటింగులో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించి ఒక గోడ గడియారం ఇచ్చాడు. అది ఇప్పటికీ మా హాల్లో ఉంది. రోజూ పది నిమిషాలు ముందుంటుంది.

అది అబద్ధపు రింగని మాకు తెలుసు. ఎవరికీ చెరుపు చేయని అబద్ధమని సర్ది చెప్పుకున్నాం.

సత్తెమ్మ

వరుసగా రెండేళ్లు వానలు బాగా పడి ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో నీళ్లున్నాయి, చేపలున్నాయి. కట్ట దగ్గర మత్స్యకారుల సంఘానికి ఒక గది ఉండేది. వాళ్ల పాత ఫోన్ కేబుల్‌ను వెంచర్ వాళ్లు మూడోసారి తెంపాక, డబ్బా పెట్టించమని సంఘం వాళ్లను ఒప్పించింది సత్తెమ్మ.

సత్తెమ్మకు నలభై అయిదేళ్లుంటాయి. చేపలు పట్టేది మగవాళ్లు. అమ్మకం బాధ్యత మాత్రం ఆ ఏడాదే ఈవిడకు ఇచ్చారు. ఇచ్చారంటే, ముందు అమ్మినవాడు దళారులతో కుమ్మక్కై దొరికిపోతే, ఇంకెవరూ ముందుకు రాక ఈవిడకు వదిలేశారు. ఆడమనిషి ఏం అమ్ముతుందిలే, ఒక సీజన్ చూసి తీసేద్దాం అని సగం మంది కాచుకుని ఉన్నారు. ఈ సంగతి ఆవిడే నవ్వుతూ చెప్పింది.

గది కిటికీ బయట ఒక బల్ల ఉంటుంది. వల తిప్పి చేపలు పట్టిన రోజు దళారులు పొద్దున్నే వచ్చి దాని మీద కూర్చుంటారు. వాళ్ల ఎత్తు ఒక్కటే, ఎండ ఎక్కేదాకా బేరం సాగదీయడం. ఐసు లేక, బండి లేక, చేప మెత్తబడుతుంటే ఎంత చెప్తే అంతకు ఇచ్చేస్తారు కదా.

డబ్బా బిగించి, ప్లాన్ రాసి, నా సెల్‌కు ఫోన్ చేసి హలో హలో అని పరీక్షించాను. నిక్షేపంగా పలికింది. సత్తెమ్మ ఒక సెల్ నంబరు చూపించింది.

"ఇది పెద్ద అంబర్‌పేట్ల ఉండే మా మరిది యాదగిరిది. ట్రాలీ నడుపుతడు. దీనికి మిస్డ్ కాల్ పోతదా సారు?"

"మిస్డ్ కాల్ ఎందుకమ్మా? ఇప్పుడు చాలా చవక. పీనాసితనం మానేసి హాయిగా మాట్లాడుకోండి" అన్నాను.

ఆవిడ నా మొహం వంక ఒక్క క్షణం చూసి, "అవ్ సారు, నిజమే" అని నవ్వింది.

ఆ నవ్వు దగ్గర నేను ఆగి, ఎందుకమ్మా అని ఇంకోసారి నిజంగా అడిగి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. నేను నా పాఠం చెప్పేసి, టీ తాగి, స్కూటర్ ఎక్కాను.

వల తిప్పిన రోజు

పది రోజుల తర్వాత సత్తెమ్మ తుర్కయాంజాల్‌లో మా ఇంటికే వచ్చింది. షేర్ ఆటో దిగి, ఇల్లు ఎక్కడని అడుగుతూ వచ్చిందట. మా ఆవిడ మంచినీళ్లిస్తే తాగలేదు.

"సారు, ఒక్క మాట చెప్పు. డబ్బా ఎన్ని రింగులు పంపిందో కంపెనీ కాడ రాసి ఉంటదా?"

"ఏమైందమ్మా?"

"ఇది నీకే చెప్తున్న. ఇంకెవ్వరికీ ఎర్క లేదు, ఎర్క కావద్దు."

అప్పుడు చెప్పింది. వల తిప్పిన రోజు యాదగిరికి ఫోన్ చేసి మాట్లాడితే కిటికీ బయటి దళారులకు వినిపిస్తుంది. వినిపిస్తే వాళ్లు అతను బయలుదేరేలోపే ట్రాలీ యజమానికి ఫోన్ చేసి దాన్ని తామే బాడుగకు పెట్టేసుకుంటారు. అందుకని ఆవిడ మాట్లాడదు. రిసీవర్ ఎత్తి, రింగులు లెక్కపెట్టుకుని పెట్టేస్తుంది. చూసేవాళ్లకు ఫోన్ కలవలేదన్నట్టు ఉంటుంది. ఒక్క రింగు అంటే రావద్దు, ఇక్కడే మంచి ధర వచ్చింది. మూడు అంటే ఐసు వేసుకుని వెంటనే రా. దళారులు బేరం సాగదీస్తుండగానే ట్రాలీ కట్ట మీదికి వచ్చి నిలబడుతుంది. పాత ఫోన్ ఉన్నప్పుడు తన ఇంటి చేపలకు ఈ పద్ధతే నడిపింది, ఏనాడూ తప్పలేదు.

"మరి రెండు మోగితే?" అన్నాను.

"రెండు అని మాకు లేదు. ఎన్నడన్న రెండు మోగితే ఏదో తప్పు పోయిందని వాడే మళ్ల జేస్తడు."

ఆవిడదీ ఒక ప్లానే. ఒక రింగు ఎక్కడైనా తప్పిపోతే పట్టుకునే ఏర్పాటు కూడా అందులో ఉంది. నేను మూడుసార్లు చదివి రాసే వరుసలో ఎప్పుడూ అంత ముందుచూపు లేదు.

"మొన్న బొచ్చెలు, రవ్వలు మస్తుగ పడ్డయ్ సారు. నేను మూడు రింగులు చెవుల విన్న, పెట్టేసిన. వాడు రాలే. పదకొండైంది, రాలే. మల్ల చేద్దమంటే బల్ల మీదోళ్లు నన్నే చూస్తున్నరు. చేప మెత్తబడ్డది. ఇగ వాళ్లెంతంటే అంతకే ఇచ్చిన. సాయంత్రం యాదగిరిని అడిగితే ఒక్కటే మోగింది వదినా అంటడు. వాని బిడ్డ మీద ఒట్టు పెట్టిండు. నేను నా చెవులను నమ్మాల్నా, వాని ఒట్టును నమ్మాల్నా?"

రింగుకు మూడు సెకన్లు. మూడు రింగులకు తొమ్మిది. అందులో మొదటి అయిదారు సెకన్లు డబ్బా ఊరికే వాయించిన పాట. యాదగిరి ఫోన్ నిజంగా మోగింది ఒక్కసారే. తప్పిపోయింది ఒక్కటైతే ఆవిడ ప్లాన్ కాపాడేది. తప్పిపోయింది రెండు. రా అన్న మాట రావద్దుగా మారి చేరింది. ఆ రెండు రింగులూ తిన్నది నేను. దానికే నాకు గడియారం ఇచ్చారు.

ఇదంతా ఆవిడ నా ఎదురుగా కూర్చుని ఉండగానే, అర నిమిషంలో నాకు అర్థమైంది. చెప్పాను అనుకుంటున్నారా? చెప్పలేదు. "కంపెనీలో చూసి చెప్తానమ్మా" అన్నాను.

"ఆదివారం సంఘం కూసుంటది. నన్ను తీసేస్తరు. అంతకుముందు చెప్పు సారు" అని లేచింది. మంచినీళ్లు అప్పుడు తాగింది.

మిస్డ్ కాల్ మన సర్వీసు కాదు

మాధవ్‌కు చెప్పాను. కంప్యూటర్‌లో చూశాడు.

"కాల్ వెళ్లింది, అవతల మోగింది. మన వైపు అంతా కరెక్టే. ఎత్తితేనే కదండీ కాల్? మిస్డ్ కాల్ మన సర్వీసు కాదు. ఆవిడ రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చిందా? లేదు కదా, వదిలేయండి."

ఇందులో ప్రతి మాటా నిజమే. మన పనిలో ఇలాంటి నిజాలు చాలా దొరుకుతాయి, వాటి వెనక దాక్కోవడం తేలిక. రెండు రోజులు నేనూ దాక్కున్నాను. మూడో రోజు మా ఆవిడ "ఆ వచ్చినావిడ సంగతేం చేశారు" అని అడిగింది. చూస్తున్నానన్నాను. "చూడ్డానికి ఇన్ని రోజులా? తప్పు మీదేనా ఏమిటి?" అంది. పెళ్లయి ముప్పై ఏళ్లైన మనిషి ముందు డబ్బా కూడా అబద్ధం చెప్పలేదు.

సంఘం కూర్చున్న రోజు

ఆదివారం పొద్దున వెళ్లాను. వెళ్లేసరికి గది నిండా మనుషులు. సంఘం అధ్యక్షుడు నర్సింహ కుర్చీలో ఉన్నాడు, యాదగిరి తలుపు దగ్గర నిలబడ్డాడు. సత్తెమ్మ గోడకానుకుని కూర్చుంది.

"ఫోన్ చేసిన అంటున్నవ్. ఏం మాట్లాడినవ్?" అంటున్నాడు నర్సింహ.

"చేసిన. వాడు రాలే" అంది సత్తెమ్మ.

"మాట్లాడినవా, లేదా?"

ఆవిడ కిటికీ వైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"మాట్లాడలేదంట, చూడుండ్రి!" అన్నారెవరో వెనక నుంచి. "దళారులు ఎంతిచ్చిన్రో" అన్నారింకొకరు. యాదగిరి ఒక అడుగు ముందుకు వేసి, వదిన వైపు చూసి ఆగిపోయాడు.

అక్కడ ఎవరికైనా అర్థం కావలసిన సంగతి, నాకు మాత్రం అర్థం కాని సంగతి ఏమిటంటే, వాళ్లిద్దరూ దొంగలన్న మాట పడుతున్నారు గానీ రింగుల లెక్క బయటపెట్టడం లేదు. మాట పడితే ఈ సీజన్ పోతుంది, అంతే. లెక్క బయటపడితే ఎప్పటికీ పోతుంది. ఆవిడ కూర్చుని ఈ రెండింటినీ తూచుకుంటోంది.

నేనేమో రెండు రోజులు పిరికితనంతో గడిపి, ఇప్పుడు ధైర్యం తెచ్చుకుని వచ్చాను. ఆ ధైర్యాన్ని ఎక్కడైనా ఖర్చుపెట్టాలి కదా.

"తప్పు ఆవిడది కాదు, నాది" అన్నాను గట్టిగా.

"సారు, జర ఆగు" అంది సత్తెమ్మ.

"లేదమ్మా, నన్ను చెప్పనివ్వు."

"అది ఇప్పుడెందుకు సారు, నీకు దండం పెడత."

ఆగలేదు. నర్సింహను ఒక్కడినే పక్కకు పిలిచి చెవిలో చెబితే సరిపోయేది. అది నాకు తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం యాదగిరి సెల్ తీసి గదిలో ఫోన్ బల్ల మీద పెట్టించాను. డబ్బా ఫోన్ నుంచి డయల్ చేసి, రిసీవర్ నర్సింహ చెవి దగ్గర పెట్టి, వినబడ్డ రింగులు పైకి లెక్కపెట్టమన్నాను.

"ఒకటి" అన్నాడు నర్సింహ. సెల్ మోగలేదు. "రెండు." సెల్ మోగలేదు. "మూడు" అనేసరికి సెల్ ఒక్కసారి మోగింది. పెట్టేశాను.

"ఒక్కటి మోగితే రావద్దని, మూడు మోగితే రమ్మని వీళ్ల లెక్క. ఆవిడ మూడే ఇచ్చింది. మా డబ్బా రెండు మింగింది. ఆ సెట్టింగ్ పెట్టింది నేనే" అన్నాను. సినిమా చివర్లో జడ్జిగారి ముందు నిలబడ్డట్టు ఛాతీ విరుచుకుని ఉన్నాను.

"అరే, అయితే సత్తెమ్మ నిజమే చెప్పిందిర బై" అన్నాడు నర్సింహ.

అప్పుడు కిటికీ బయట బల్ల మీద నుంచి నవ్వు వినిపించింది. ఆదివారం వల లేదు కానీ, సంఘం గొడవ చూద్దామని ఇద్దరు దళారులు వచ్చి కూర్చున్నారు.

"మూడు రింగులంట ర!" అన్నాడొకడు. "వదినా, ఇంతకాలం ఫోన్ కలుస్తలేదని మొహం గట్ల పెట్టేదానివి కదా, మస్తు యాక్టింగ్!"

సత్తెమ్మ నా వైపు చూడలేదు. కొంగు సర్దుకుని లేచి, మనుషుల మధ్య నుంచి బయటికి వెళ్లిపోయింది. యాదగిరి తన సెల్ తీసుకుని, "మంచి పని చేసినవ్ సారు" అన్నాడు. ఆ మాటలో మంచి ఏమీ లేదు.

తర్వాత

ఆ రోజే ఆ సెట్టింగ్ తీసేశాను. సంఘం డబ్బాకే కాదు, నా ఏరియాలో అన్నింటికీ తీసేశాను. తిట్లు మళ్లీ మొదలయ్యాయి, పడ్డాను. మాధవ్ అడిగితే, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు నిశ్శబ్దమే వినిపించనీ అన్నాను. అతను గడియారం వెనక్కి అడగలేదు, అంతవరకు మర్యాదస్తుడు.

సత్తెమ్మ దొంగ కాదని అందరూ ఒప్పుకున్నారు. కానీ అమ్మకం మాత్రం తీసేసుకున్నారు. రహస్యం పోయాక ఆవిడ వల్ల లాభమేముందన్నారు. నర్సింహ వాళ్ల అన్న కొడుకు శ్రీశైలానికి ఇచ్చారు, బాగా మాట్లాడతాడని. నిజంగానే బాగా మాట్లాడతాడు. మా డబ్బా ఫోన్ పట్టుకుని ట్రాలీ వాళ్లతో అరిచి మాట్లాడేవాడు. కిటికీ బయట బల్ల మీద కూర్చున్నవాళ్లు చెవులు రిక్కించే పని కూడా లేకుండా పోయింది. ఆ సీజనంతా ఎండ ఎక్కాకే బేరాలు తెగాయి.

ఆ నెలల్లో నేను కట్ట వైపు వెళ్లాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. పని చేసిన ముప్పై ఏళ్లలో అంత చిన్నబోయింది అప్పుడే.

మరుసటి ఏడు వల తిప్పే రోజులు వస్తుండగా చేపలు పట్టేవాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు వెళ్లి నర్సింహ ఇంటి ముందు కూర్చున్నారట. సత్తెమ్మకే మళ్లీ ఇవ్వమని. ఇచ్చారు. వారం తర్వాత నాకు ఫోన్ వచ్చింది.

"డబ్బా సారు, జర వచ్చి పో."

వెళ్లాను. టీ తెప్పించింది కానీ పాత సంగతి ఎత్తలేదు. నేనే ఎత్తబోతే చేయి అడ్డం పెట్టింది.

"నేను ఫోన్ కొడుతుంటే కిటికీల నుంచి నా వేళ్లు చూస్తున్నరు. నంబరు పట్టుకుంటరు. ఒక్క అంకె కొడితే నంబరంతా దానంతట అదే పోయేటట్టు చెయ్యొస్తదా?"

"వస్తుంది. ఎన్ని కావాలి?"

"ఆరు. నంబర్లు చెప్త, రాసుకో. పేర్లు అడగకు."

అడగలేదు. ఆరు వరుసలు రాశాను. నా సర్వీసులో అంత జాగ్రత్తగా ఇంకే డయల్ ప్లానూ రాయలేదు. ఒక్క అంకె నొక్కగానే, ఇంకా వస్తాయేమోనని చూడకుండా వెంటనే పోయేలా కట్టాను. అవతల మోగితేనే ఇవతల వినిపించేలా చూశాను. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఈసారి అడిగాను.

"అమ్మా, నువ్వు ఫోన్‌తో ఏం చేస్తావో చెప్పనక్కర్లేదు. ఎలా చేస్తావో మాత్రం చెప్పు. ఎత్తి ఎంతసేపు పట్టుకుంటావు? చెవి దగ్గర పెడతావా, బల్ల మీద పెడతావా?"

ఆవిడ మొదటిసారి నన్ను సరిగ్గా చూసి, చేసి చూపించింది. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగిన విద్య ఇదొక్కటే. అడగండి, చూడండి, రాయండి. చూసింది మీ దగ్గరే ఉంచుకోండి.

ఈ కంపెనీలోనూ రిటైరయ్యే ముందు వారం చివరిసారి ఆ గదికి వెళ్లాను, తీగ వదులైందంటే. ఆ రోజు వల తిప్పారు. కట్ట కింద బుట్టల్లో చేపలు మెరుస్తున్నాయి. బయట బల్ల మీద అవే ముఖాలు, కాస్త జుట్టు నెరిసింది. సత్తెమ్మ లోపలికి వచ్చి రిసీవర్ ఎత్తి, ఒక అంకె నొక్కి, కిటికీ వైపు విసుగ్గా మొహం పెట్టి నిలబడింది. నేను ఫోన్ బల్ల కింద దూరి తీగ బిగిస్తున్నాను. రిసీవర్‌లోంచి రింగు నాకూ సన్నగా వినిపిస్తోంది. ఆవిడ పెట్టేసింది. మళ్లీ ఎత్తి ఇంకో అంకె నొక్కింది. పెట్టేసింది.

"లెక్కపెడుతున్నవా సారు?"

"లేదమ్మా."

"పెదవులు కదులుతున్నయ్."

సిగ్గుపడి గోడ వైపు తిరిగాను. కాసేపటికి కట్ట మీద ట్రాలీ చప్పుడు వినిపించింది. బల్ల మీదివాళ్లు ఉలిక్కిపడి లేచారు. నాకు కళ్లు చెమర్చాయి, ఆ వయసులో ఒక ట్రాలీని చూసి. బయటికి వచ్చి, సంచి సర్దుకుంటూ అడిగాను.

"ఇప్పుడైనా రింగులు సరిగ్గా పోతున్నాయా అమ్మా?"

సత్తెమ్మ బుట్ట ఎత్తి ట్రాలీలో పెడుతూ, తల కూడా తిప్పకుండా అంది:

"అది నీకు ఎర్కయిననాడు లెక్క మార్చుకుంట సారు."